ఫైర్ చేసిన కోచ్

మొన్న దోహాలోని అల్ హిలాల్ బజారులో మా పాపకు కొన్న బాస్కెట్‌బాల్‌ను సంచిలోంచి తీయగానే కొత్త రబ్బరు వాసన వచ్చింది. దానితో పాటే నోట్లో నెత్తురు రుచి తగిలింది.

నేను ఇదే ఊళ్ళో ఐదో తరగతి చదివేటప్పుడు, అమెరికాలో కాలేజీ జట్లను ఆడించిన కోచ్ ఒకాయన మా బడికొచ్చాడు. "ఆయన్ను అక్కడి కాలేజోళ్ళు ఫైర్ చేసిన్రంట" అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. ఫైర్ చేయడమంటే నాకు తెలిసింది తుపాకీతో కాల్చడమే. తూటా తిని బతికిన మనిషనుకున్నాను. ఆయన మోకాలి మీది మచ్చ కూడా ఆ తూటాదేననుకున్నాను.

మేం పాస్ వదిలేస్తే ఆయన దగ్గర నుంచి బంతిని మొహానికేసి కొట్టేవాడు. ఒక సాయంత్రం నా ముక్కు పగిలి జెర్సీ అంతా ఎర్రబడింది. "యల్లా, లే" అని అరబ్బీ మాటతో తొందరపెట్టాడు. తూటా ముందు ఇదెంతనుకుని లేచాను. ఇంట్లో అడిగితే ఆటలో పడ్డానని చెప్పాను.

ఇదంతా ఇప్పుడు నాన్నకు ఫోన్లో చెప్పాను.

"అక్కడ పోరగాండ్లను కొట్టిండనే కొలువు తీసేసిన్రు బిడ్డా. మాకు అప్పుడే ఎరుక. అంత పెద్ద కోచ్ మనకు దొరికిండనుకున్నం."

ఫోన్ పెట్టేసరికి పాప నవ్వుతూ బంతిని నావైపు విసిరింది. నా చేతులు బంతి కోసం ముందుకు రాలేదు, మొహానికి అడ్డం వెళ్ళాయి.