టర్బో స్క్రూకు పూసిన గోళ్ళరంగు

మొన్న కొండాపూర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి, “గుర్తువట్టినవా అక్కా? అన్న బాగున్నడా?” అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. గుర్తుపట్టకపోవడమేమిటి! పాతికేళ్ళు దాటినా, జుట్టంతా నెరిసినా, మా ఆయన చెంప మీద పడ్డ ఆ చెయ్యిని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆయనగారికి మాత్రం అదేమీ జ్ఞాపకం ఉన్నట్టు లేదు. మా ఆయన ఇంకా ఘోరం, కుర్చీలోంచి లేచి మరీ రెండు చేతులూ జోడించాడు. నాకిక అన్నం సయించలేదు. నా ఈడు వాళ్ళు చదువుతారు కదా, మీరైనా నా పక్షాన ఉంటారని ఇదంతా రాస్తున్నాను.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం ఒకటి కొత్తగా లేచింది, దాని ముందు అంతకుముందు మేమెవరం చూడనంత వెడల్పాటి రోడ్డు పడింది, మిగతాదంతా రాళ్ళూ తుప్పలే. నాది గుడివాడ పక్క, మా ఆయనది నల్గొండ వైపు పల్లె. మా ఆయన అక్కడ ఒక పెద్దాయన ఇంటి ఆవరణలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని కార్లు బాగుచేసేవాడు, షెడ్డు వెనక ఒక్క గదిలో మా కాపురం. పెద్దాయన కూతురు నాకన్నా రెండేళ్ళు చిన్నది. నా మాటతీరు విని అక్కడందరూ నవ్వుతుంటే, ఆ పిల్ల ఒక్కతే నా పక్కన కూర్చుని జొన్నరొట్టె చెయ్యడం నేర్పింది. నాకు ఆ ఊళ్ళో స్నేహితురాలంటే ఆమే, చెల్లెలంటే ఆమే.

ఆమె మొగుడే ఈ తెల్ల చొక్కా మనిషి. ఇల్లరికపుటల్లుడు. మామగారు పొలం అమ్మితే వచ్చిన డబ్బుతో కారు కొన్నాడు, ఆ కారు చాలలేదు, విదేశీ కారు తుక్కులోంచి ఒక టర్బో సంపాదించి గోనెసంచిలో తెచ్చి మా ఆయన ముందు పడేశాడు. వచ్చే ఆదివారం పొద్దున్నే కొత్త రోడ్డు మీద స్నేహితులతో పందెమట, అప్పటికి బిగించాలట.

టర్బో అంటే నాకు మా ఆయన చెప్పిందే తెలుసు. ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం గిర్రున తిరిగి, ఆ ఊపుతో లోపలికి ఎక్కువ గాలిని కూరుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, చిక్కంతా అక్కడే ఉంది. ఆ గాలి, పెట్రోలు వచ్చి కలిసే కార్బురేటర్‌లోంచే పోతుంది కాబట్టి పెట్రోలు దాన్ని తోసుకుని రావాలి, కారుతో వచ్చిన పంపుకేమో అంత బలం లేదు. “గాలి దమ్ము పెట్రోలు దమ్ముకన్నా ఎక్కువైతే పెట్రోలు రాదు సార్. లోపల ఎండిపోయి మంట పెరుగుతది, పిస్టన్‌కు బొక్క పడ్తది,” అని మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బ్యాటరీతో నడిచే పెద్ద పంపు బొంబాయి నుంచి రావాలి, నెల పడుతుంది. అల్లుడుగారికి నెల ఓపిక ఎక్కడిది? సరే అని మా ఆయన అప్పటిదాకా పాత పంపు తట్టుకోగలిగినంత గాలే వెళ్ళేలా టర్బో స్క్రూను సరిచేసి, అది కదలకుండా ఉందని తెలియడానికి మెకానిక్కులు చేసే పని ఒకటి చేశాడు. స్క్రూ తలకూ దాని పక్క ఇనుముకూ కలిపి రంగు చుక్క పెట్టాడు, స్క్రూ తిప్పితే ఎండిన రంగు పగులుతుంది. ఇంట్లో పెయింటు లేక, నా గోళ్ళరంగు సీసా పట్టుకుపోయాడు. ఈ రంగు పగిలితే నాది పూచీ కాదని అల్లుడికి ముందే చెప్పాడు.

ఆదివారం పది గంటలకు కారును తాడు కట్టి లాక్కొచ్చారు. పిస్టన్‌కు బొక్క. టీ బండివాడు, పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీలు, పందెం చూడ్డానికొచ్చిన స్నేహితులు, అందరి ముందూ ఆ మనిషి మా ఆయన చెంప పగలగొట్టాడు. “పని రాకపోతే రాదని చెప్పాలె గదరా!” అన్నాడు. పెద్దాయన కూడా అల్లుడి మాటే నమ్మి, నెలాఖరుకల్లా షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

దెబ్బకన్నా ఘోరం తర్వాత జరిగింది. మా ఆయన వంగి స్క్రూ చూశాడు. రంగు పగల్లేదు, ఎర్రగా నిక్షేపంలా ఉంది. అంటే తప్పు తనదేనని నమ్మేశాడు! తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. పానా ముట్టేవాడు కాదు, వచ్చిన బళ్ళను వేరే చోటికి పొమ్మనేవాడు, ఇగ ఊరికి పోయి కూలి చేసుకుందామే అనేవాడు. పదిహేనేళ్ళ వయసు నుంచి నేర్చుకున్న విద్య, నాలుగు రోజుల్లో మనిషిలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఆ నాలుగు రోజులూ నేను ఆ అల్లుణ్ణి తిట్టని తిట్టు లేదు.

అయిదో రోజు, విప్పి పెట్టిన ఆ కారు మీద దుమ్ము దులుపుతూ స్క్రూ చూశాను. నా రంగు కాదది. నాది చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నది, పండుమిరపకాయ ఎరుపు. ఇది దానిమ్మగింజ ఎరుపు, సన్నటి మెరుపు కూడా ఉంది. మగవాళ్ళకు రెండూ ఎరుపే, గోళ్ళకు పెట్టుకునేదాన్ని నాకు తెలియదా? ఎవరో స్క్రూ తిప్పి గాలి పెంచి, పైన మళ్ళీ రంగు పూశారు. మా ఆయనకు చెబితే, పెద్దోళ్ళతోని లొల్లి మనకెందుకే అన్నాడు.

ఆ శుక్రవారమే పెద్దాయన ఇంట్లో పసుపు బొట్టుకు పిలిచారు. ఆ పిల్ల నాకు బొట్టు పెట్టడానికి చెయ్యి చాపింది, గోళ్ళు దానిమ్మగింజల్లా మెరుస్తున్నాయి. రంగు ఎంత బాగుందే, ఎక్కడిదని తేనెలు కారుస్తూ అడిగాను. పాపం, ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసింది: “దుబాయ్‌ది అక్కా. మొన్న పందెం రోజు కారుకు ఏదో పెట్టాలని మా ఆయన సీసా తీస్కపోయి సగం ఒలకబోసిండు.”

అంతే. ఆమె మణికట్టు పట్టుకున్నాను. వరండాలో కూర్చున్న పెద్దాయన్ని రమ్మని కేకేసి, ఆ పిల్లను బరబరా షెడ్డులోకి లాక్కుపోయి, ఆమె వేలు స్క్రూ పక్కన పెట్టి, రెండో పక్కన మా ఆయన పూసిన నా రంగు సీసా పెట్టాను. పెద్దాయన వంగి చాలాసేపు చూశాడు. తర్వాతి ఆదివారం అదే చోట, అదే టీ బండివాడి ముందు, అదే మేస్త్రీల ముందు అల్లుడి చేత తప్పయిందని చెప్పించాడు. షెడ్డు మాకే ఉండిపోయింది. మా ఆయన మళ్ళీ పానా పట్టాడు. కానీ నేను కోరుకున్న చెంపదెబ్బ తిరిగి పడలేదు. మా మహానుభావుడు “పోనియ్ సార్” అని ఆ మనిషికి కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఆ టీ తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది.

ఆ పిల్ల మాత్రం ఇక మా గడప తొక్కలేదు. ఇంట్లో ఆమెను ఎవరెన్ని మాటలన్నారో నాకు తెలియదు, అడిగే మొహం నాకు లేదు. పిట్టగోడ మీదుగా కనిపించినా తల తిప్పుకునేది. నమ్మి చెప్పిన మాటను పట్టుకుని, పుట్టింట్లో తండ్రి ముందే ఆమె మొగుణ్ణి దోషిని చేశాను మరి.

షెడ్డు ఉన్న చోట ఇప్పుడు అద్దాల ఆఫీసు. ఒకే ఆవరణలో ఉంటూ ఒకరి వంటింట్లోకి ఒకరు చొరవగా వెళ్ళే రోజులూ పోయాయి. ఇప్పటి ఇంజిన్లలో ఒక డబ్బా ఉంటుందట, గాలి ఎంత, పెట్రోలు ఎంత, ఎవరు ఏది మార్చారు అంతా అదే చెబుతుందట. నిజం నిరూపించడానికి ఎవరినీ ఈడ్చుకు వెళ్ళక్కర్లేదు. మా రోజుల్లో నాకు దొరికిన సాక్ష్యం ఆ ఒక్క చెయ్యే. మళ్ళీ ఆ శుక్రవారం వస్తే మళ్ళీ అదే చేస్తాను, ఆ అల్లుణ్ణి వదిలే ప్రసక్తే లేదు. కాకపోతే ఆ పిల్ల చెయ్యి అంత గట్టిగా పట్టుకోను.