సోమశిల పడవలో నేను అనని మాటలు

దయ్యాల కథలు చదివి, ఆ పుస్తకాన్నే తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయే రకం నేను. పుస్తకంలో ఉన్నంతసేపే వాటికి ప్రాణం అనుకునేదాన్ని. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అనుకునేదాన్ని. అదీ మనసులోనే. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇప్పుడు రాయబోయే సంగతికి అదే కారణమో కాదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది పాన్‌గల్ దగ్గర ఊరు. నా చిన్నప్పటి నుంచి నాయన పడమటి తీరంలో ఒక రేవులో, పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. ఏడాదికి ఒకసారి వచ్చి, నాలుగు రోజులుండి వెళ్లిపోయేవాడు. చాలా ఏళ్లు నాకు నాయనంటే ఫోనులో ఒక దగ్గు, ఆ దగ్గు వెనక సుత్తి చప్పుడు.

కొన్నేళ్ల కింద మాత్రం ఆయన ఒంటరిగా రాలేదు. లారీ మీద ఒక పాత పడవను వేసుకుని వచ్చాడు.

ఫైబర్ పడవ. ముందు భాగంలో తలుపున్న చిన్న గది, అందులో ఇద్దరు పడుకోగల బల్లలు, గుండ్రటి కిటికీలు. వెనక తెరిచి ఉన్న చోట కుడిపక్క ఒక బల్ల, ఎడమపక్క ఒక బల్ల. అన్నిటికన్నా వెనక ఔట్‌బోర్డు మోటారు తగిలించే చెక్క. మోటారు విడిగా గోనెసంచుల్లో చుట్టి ఉంది. పాన్‌గల్‌లో టీ కోసం లారీ ఆపితే ఒక ముసలాయన చుట్టూ తిరిగి చూసి అడిగాడట.

"గిదేందిరా? ఇల్లా, బండియా?"

"రెండూ పెద్దనాయనా."

"ఇల్లయితే పొయ్యి ఏడ పెడ్తరు మరి?"

నాయన నవ్వుతూ ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. అమ్మ నవ్వలేదు. ఆమెకు అది సరైన ప్రశ్న అనిపించింది.

యాత్రికులను నదిలో తిప్పి, ఆ డబ్బుతో ఇక ఇంటి దగ్గరే ఉండాలని ఆయన ఆలోచన. కృష్ణ ఒడ్డున సోమశిలలో రేకుల నీడ వేసుకుని ఎండాకాలమంతా ఆ పడవతోనే గడిపాం. నా జీవితంలో అంత మంచి ఎండాకాలం మరొకటి లేదు. నాయన పగుళ్లు గీకి ఫైబర్ చాప అతికించేవాడు. ఆ రెసిన్ జిగురు వాసనకు తల దిమ్మెక్కేది. నేను సాండ్‌పేపర్ పట్టాను, లోపల తెల్లరంగు వేశాను, కిటికీలకు అమ్మ పాత చీర కత్తిరించి తెరలు కుట్టాను. గదిలో ఒక మూల జానెడు చెక్క మిగిలితే నాయన దాన్ని అలమరగా కొట్టి, "నీ పుస్తకాలకు" అన్నాడు. పడవ ఊగినప్పుడు పుస్తకాలు పడకుండా దానికి అడ్డంగా ఒక సన్నపట్టీ కూడా వేశాడు. నేను పుస్తకాలు చదువుతానని ఆయనకు గుర్తుండటమే నాకు పెద్ద సంగతి.

పొయ్యి గట్టు దగ్గర మాత్రం అమ్మ గెలిచింది. చెక్క మీద గ్యాసు పొయ్యి పెడితే అంటుకుంటుందని ఆమె వాదన. ఇంట్లో మిగిలిన షాబాద్ బండ తెచ్చి గదిలో ఎడమపక్క వేయించింది. నీళ్లలోకి దించిన రోజు పడవ ఎడమకు ఒరిగి నిలబడింది, నడుం నొప్పి ఉన్న మనిషిలా.

బ్యాటరీని కుడికి మార్చాం. పెట్రోలు ట్యాంకును మార్చాం. వంపు తగ్గింది కాని పోలేదు.

"బండ తీసేద్దామా నాయనా?" అన్నాను.

"బండ దీస్తే మీ అమ్మ నన్ను దీసేస్తది. ఉండనీ. మనుషులను సమానం జేసి కూసుండబెడ్తే అదే సరైతది."

మనుషులను కూర్చోబెట్టే పని నాది. నాయన గది తలుపు దగ్గర స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ నిలబడతాడు. నేను వెనక తాడు విప్పి, ఎక్కేవాళ్లకు లైఫ్ జాకెట్లు ఇచ్చి, బరువైన వాళ్లు కుడికి వచ్చేలా చూడాలి. వినడానికి ఎంత చిన్న పని. కాని ఒక పెద్దావిడతో "మీరు లావుగా ఉన్నారు, అటు జరగండి" అని ఎలా చెప్పడం? ముందురోజు డైరీలో రాసుకుని మరీ వల్లె వేశాను. "అమ్మా, దయచేసి కుడివైపు ఆసీనులు కండి."

మొదటి రోజు తిమ్మాజిపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. అందరిలోకీ బరువైన అత్త నేరుగా పోయి ఎడమ బల్ల మీద కూర్చుంది. ఆమె పక్కన ఆమె చెల్లెళ్లు. ఆసీనులు కండి అనే మాట నా గొంతులో ఎక్కడో ఆసీనమైపోయింది. నడి నీళ్లలోకి వెళ్లేసరికి పడవ ఒరిగి, ఫ్లాస్కు దొర్లి, పిల్ల ఏడ్చింది. నాయన మోటారు ఆపి, తనే వెనక్కి వచ్చి అందరినీ సర్దాడు.

"గిదేం పడవ పిల్లా, మమ్మల్ని ముంచనీకి తెచ్చిండ్రా?" అంది అత్త దిగేటప్పుడు.

ఆ సాయంత్రం నాయన గట్టు మీద కూర్చుని మెల్లగా అన్నాడు. "నీకు కాకుంటే కాదని చెప్పు బిడ్డా. తప్పేం లేదు. ఇద్దరం నడిపితేనే ఈ పడవ. లేకుంటే అమ్మేసి మల్ల షెడ్డుకే పోత. వాళ్లు రమ్మంటనే ఉన్నరు."

కాదని చెప్పలేదు. అవుననీ చెప్పలేదు. రాత్రి డైరీలో ఒక్క మాటే రాశాను, నాయన పోతాడు అని.

తర్వాత వచ్చినవాళ్లు ఉప్పునుంతల వైపు ఆడవాళ్లు. కూలి పనులు లేని రోజు చూసుకుని, నదిలో స్నానం చేసి పడవ ఎక్కుదామని వచ్చారు. నేను వాళ్లకు వీపు తిప్పి, ఒడ్డున గుంజకు కట్టిన తాడు విప్పుతున్నాను. నిజం చెప్పాలంటే ముడి ఎప్పుడో ఊడింది. వెనక్కి తిరగాల్సి వస్తుందని ఇంకా దాన్నే గెలుకుతున్నాను. ఉన్నట్టుండి వెనక అందరూ గొల్లున నవ్వారు. తిరిగి చూస్తే బరువైనవాళ్లు కుడికి, బక్కవాళ్లు ఎడమకు, నడుమ ఒక పెద్దావిడ. పడవ నేల మీద పెట్టినట్టు సమంగా ఉంది. నాయనే చెప్పి ఉంటాడనుకున్నాను. ఆయనేమో తల వెనక్కి తిప్పి, నా వైపు చూసి ముఖమంతా నవ్వాడు.

దిగేటప్పుడు ఆ పెద్దావిడ నా బుగ్గ గిల్లింది. "మొకం జూస్తే ముద్దపప్పు, నోరు జూస్తే పచ్చిమిరపకాయ. నన్ను పల్లా జొన్నలంటవా? మల్లొస్త, ఇంకో మాట నేర్చుకో."

నాకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను.

రాత్రి అన్నం దగ్గర నాయన అమ్మకు చెప్తుంటే అర్థమైంది. "నీ బిడ్డ ఏమన్నదో ఎరుకేనా? ఓ పల్లా జొన్నలమ్మా, నడిమిట్ల గూసో అన్నది. ఓ సోలెడు పిల్లా, నువ్వు ముంగటికి పో అన్నది. అచ్చం మా అమ్మ లెక్కనే. గా గొంతు ఇన్నేండ్లు ఏడ దాచిపెట్టిందో."

మా తాత పుట్టి నడిపేవాడట. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి తెప్పలో ఒక్కరు తప్పుగా కూర్చున్నా తలకిందులే. తాత మాట్లాడే మనిషి కాదు. అందుకని మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒడ్డున నిలబడి, ఎక్కేవాళ్లను కంటితోనే గింజల్లా కొలిచి, కోపం రాకుండా నవ్వించి కూర్చోబెట్టేదట. నేను పుట్టకముందే ఆమె పోయింది. ఆమె కొలతల సంగతి నేను అంతకుముందు వినలేదు. పల్లా అంటే దాదాపు క్వింటాలని తెలుసు, వడ్లు ఇప్పటికీ పల్లాల్లోనే లెక్కేస్తారు. సోలెడు అనే చిన్న కొలత మాటను పుస్తకాల్లో చూశానంతే.

"నాయనా, నేను..." అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముఖం చూశాక మిగతా మాట రాలేదు. నా జీవితంలో ఎవరూ నన్ను చూసి అంత సంతోషపడలేదు. మర్నాడే ఆయన షెడ్డుకు ఫోను చేసి, ఇక రానని చెప్పాడు.

అలా కొన్ని వారాలు గడిచాయి. నేను వీపు తిప్పి తాడు విప్పుతాను. వెనక జనం నవ్వుతారు, సర్దుకుంటారు. నాకు మాత్రం ఏమీ వినిపించదు. గాలి, ఒడ్డుకు కొట్టుకునే నీళ్లు, ఆ తర్వాత నవ్వు. అంతే.

ముందు నా మీదే అనుమానపడ్డాను. భయంలో మనిషి తను మాట్లాడింది తనే మరిచిపోవడం ఉండవచ్చు. అందుకని ఒక రోజు జనం ఎక్కేముందు నోటినిండా నీళ్లు పట్టి, తాడు దగ్గర వంగాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఒక్క అక్షరం పలకడానికి వీల్లేదు. వెనక నవ్వులు. ఒక మగమనిషి గొంతు. "కూసుంటం తియ్యి తల్లీ, తిట్టకు." నీళ్లు మింగి తిరిగాను. పడవ సమంగా ఉంది. ఆ మనిషి నాకు దండం పెట్టాడు, వేళాకోళంగా.

ఇంకో రోజు ఫోనులో రికార్డింగు పెట్టి బల్ల కింద ఉంచాను. తర్వాత గదిలో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. అడుగుల చప్పుడు ఉంది, లైఫ్ జాకెట్ల రాపిడి ఉంది, నవ్వు ఉంది. నవ్వుకు ముందు మాట లేదు.

నాకు భయం వేయలేదు. అది ఎందుకో ఇప్పటికీ తెలియదు. కొంచెం బాధ మాత్రం వేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా వినిపించే ఆ గొంతు నాకు ఎందుకు వినిపించదు? నాయనను అడిగి తెలుసుకుందామంటే, అది నా గొంతేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆయన ఇంటి దగ్గర ఉన్నాడు.

గాలి కాస్త ఎక్కువగా ఉన్న ఒక సాయంత్రం వనపర్తి నుంచి కొందరు పంతుళ్లు కుటుంబాలతో వచ్చారు. అప్పటికి నాకు ధైర్యం ఎక్కువై, జనం కూర్చోకముందే తాడు విప్పడం అలవాటైంది. ఆ రోజూ అలాగే విప్పి, పడవను నెట్టి, వెనక అంచు మీదికెక్కి, తాడు చుట్టుకుంటూ నవ్వు కోసం ఆగాను.

నవ్వు రాలేదు.

పడవ ఒడ్డును వదిలింది. నా కాలి కింద అది మెల్లగా ఎడమకు వాలడం తెలిసింది. ఒక అల లేచి ఎడమ అంచు దాటి లోపల పడింది. ఎవరో పిల్లను గట్టిగా పట్టుకున్నారు. ముందు నుంచి నాయన, "బిడ్డా?" అన్నాడు. తిరిగి చూశాను. బరువైన మనుషులంతా ఎడమ బల్ల మీదే ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు.

డైరీలో రాసుకున్న వాక్యం గుర్తుకు రాలేదు. "సార్, మీరు లేవండి. ఇటు రండి. ఆ అమ్మ నడుమ కూర్చోవాలి. మీరు కాదు, ఆ పక్కన మీరే, ఆకుపచ్చ చీర. నిలబడకండి, జరుగుతూ రండి." గొంతు వణికింది. చివరి మాట దగ్గర సగం విరిగింది కూడా. కాని వాళ్లు జరిగారు. పడవ మెల్లగా లేచి సమంగా నిలబడింది. నాయన మోటారు స్టార్టు చేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆకుపచ్చ చీర ఆమె మాత్రం దిగేటప్పుడు నా చేయి పట్టుకుని దిగింది.

పడవ కట్టేశాక నాయన నన్ను పరీక్షగా చూశాడు. "ఏంది బిడ్డా, ఇయ్యాల గొంతు గింత సన్నగొచ్చింది? జలుబు జేసిందా?"

చేసిందన్నాను.

ఆ రాత్రి అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాయన ఎదురుగానే కూర్చున్నాడు. నోరు మండుతున్నా మొత్తం తాగాను.

అప్పటి నుంచి మనుషులను నేనే కూర్చోబెడుతున్నాను. ఎవరినీ జొన్నలతో కొలవను, అది నాకు చేతకాదు. చిన్నగా చెప్తాను, వినిపించకపోతే మళ్లీ చెప్తాను. నాయన అప్పుడప్పుడు, "నీ జలుబు ఇంక తగ్గనే లేదు" అంటాడు. నిజమేమిటో ఆయనకు చెప్పలేదు. ఏమని చెప్పాలో తెలిస్తే కదా. అంతమంది విన్నది ఏమిటో, అది నాకొక్కదానికే ఎందుకు వినిపించలేదో, ఆ సాయంత్రం నుంచి ఎందుకు ఆగిపోయిందో ఎంత ఆలోచించినా నాకు అందలేదు.

ఒక అలవాటు మాత్రం మిగిలింది. జనం ఎక్కాక, తాడు విప్పకముందు, వాళ్లకు వీపు తిప్పి కాసేపు ఊరికే నిలబడతాను. గాలి, నీళ్లు. ఇంకేమీ ఉండదు. అప్పుడు తిరిగి, నేనే చెప్తాను.