అరుగు దారం

మా చిన్నప్పుడు... మంథనిలో ముసురు పట్టిందంటే మా వాడకట్టు పిల్లలకు పండగే. గొడుగులెక్కడివి... మా అరుగు మీంచి పక్కింటి అరుగు, అక్కణ్నుంచి ఆ పక్కది... చూరు కింద ఉరుక్కుంటూ బడి సందు దాకా పోయేవాళ్లం. తడవకుండా పోవచ్చు గానీ, అబద్ధమెందుకు, చూరు నీళ్లకు కావాలనే చేతులు చాపేవాళ్లం.

అన్ని ఇళ్ల అరుగులూ ఒకే ఎత్తు. అదెలాగో నాకు రహీం చాచా ఇల్లు కట్టినప్పుడు తెలిసింది. మా పక్కిల్లే వాళ్లది. వానలకు ఇంటి ముందరి గోడ కూలితే, ఎండలు రాగానే మళ్లీ లేపారు.

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉండేది... ఎవరు అరుగు కట్టినా మేస్త్రీ దారం తీస్తాడు. ఒక కొస ఇటు పక్కింటివాళ్లు తమ అరుగు అంచుకు ఆనించి పట్టుకోవాలి, రెండో కొస అటు పక్కింటివాళ్లు. ఆ దారం దాటి పైకి లేపకూడదు, బజార్లోకి జరపకూడదు.

ఆ రోజు మా వైపు కొస మా బాపు పట్టుకున్నాడు. అటు కొస గాజులమ్మే రాజవ్వ.

"జానెడు లేపుకుంట అన్నా, నీళ్లు ఇంట్లకు వస్తున్నయ్," అన్నాడు చాచా.

"లోపట గడప లేపుకో భాయ్. అరుగు లేపితే పోరగాండ్లు ఉరికెటప్పుడు తట్టుకొని పడ్తరు," అన్నాడు బాపు. దారం మాత్రం వదల్లేదు.

చాచా కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి "సరే, గాయన చెప్పినట్టే కానియ్" అన్నాడు. సాయంత్రానికి ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు.

ఇప్పుడు పాత వాడల్లో ఇళ్లు కూల్చి కట్టుకోవడానికి మున్సిపాలిటీ వాళ్లు ఆంక్షలు సడలించారు. మంచిదే... ఇల్లు కురిసే చోటల్లా గిన్నెలు పెట్టుకునే బాధ నాకు తెలియనిదా? కానీ ముందుగా పోయింది అరుగులే. రాజవ్వ ఇంటి జాగాలో మూడంతస్తులు లేచాయి. చాచా పోయాక కొడుకు అరుగు తీసి షట్టర్లు పెట్టించాడు. వరుసలో మాదొక్కటే, ముసలవ్వ నోట్లో పన్నులాగా.

నేనూ తమ్ముడూ ఆ ఇంట్లోనే ఉంటాం. వాడు దుబాయ్ నుంచి వచ్చి నెల కాలేదు.

"అరుగు తీసేద్దాం అన్నా. దుకాణం పెట్టుకుంట. మళ్ల దుబాయ్ పోను," అన్నాడు.

"అరుగు ఉంచి లోపట పెట్టుకోరాదురా?"

"అటిటు షట్టర్లున్నయ్. గీ అరుగెక్కి లోపటికి ఎవలొస్తరే?"

వాడి చిన్నబిడ్డ వాణ్ని చూసి ఇంకా కొత్తపడి దగ్గరికి రావడం లేదు. అరుగు కోసం తమ్ముణ్ని మళ్లీ విమానం ఎక్కించమంటారా? సరే అన్నాను.

పొద్దున మేస్త్రీ వచ్చి కొలతకు దారం విప్పాడు. అలవాటుకొద్దీ ఒక కొస పట్టుకుని, రెండో కొసకు చాచా ఇంటి వైపు చూశాను. షట్టరు మూసి ఉంది.

"మొల కొట్టిన సార్, పట్టుడెందుకు? ఇడిశిపెట్టుండ్రి," అన్నాడు మేస్త్రీ, గోడకు దిగ్గొట్టిన మేకు చూపించి.

వదిలేశాను...

రేపు అరుగు తీస్తారు. దాని మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. మీ వాడకట్టులో ఎక్కడైనా అరుగు మిగిలి ఉంటే చెప్పండి... దాని దారం ఆనాడు ఎవరెవరు పట్టుకున్నారో కూడా చెప్పండి.