తూర్పుకు తిరిగిన నక్ష

అక్తర్ పేరెత్తితే ఒకప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అంత ఓపిక లేదు, అలసటే వస్తుంది. నేను జనగామ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని, పేరు వెంకట్రాం. ముప్పై ఏళ్లుగా పిల్లల చేత కుండలు, జామపండ్లు గీయిస్తున్నాను. ఇన్నేళ్లలో నిజంగా చేతిలో పని ఉన్నవాడు నాకు ఒక్కడే దొరికాడు, వాడు అక్తర్.

తండ్రి అమీర్ అలీ స్టేషన్ రోడ్డులో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఎవరైనా కాగితం మీద రాసిస్తే ఆ అక్షరాలను బొమ్మల్లా చూసి దించేవాడు, అయినా ఒక్క దీర్ఘం తప్పేది కాదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అక్తర్ తండ్రిని మించిపోయాడు. హైదరాబాదులో అక్షరాలు, పోస్టర్లతో పాటు భవనాల నక్షలు గీయడం కూడా నేర్పే కాలేజీ ఉందని, వీణ్ణి అక్కడికి పంపాల్సిందేనని అమీర్ అలీ ప్రాణం తీసింది నేనే. అరవై ఆరులో పంపాడు. అయిదేళ్ల చదువు. తర్వాత పట్టా వస్తుంది, నక్ష కింద సొంత పేరుతో సంతకం పెట్టుకోవచ్చు. మా జనగామలో అప్పటికి అలాంటి మనిషి ఒక్కడూ లేడు.

మూడో ఏడు నడుస్తుండగా అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి. పిల్లలందరూ రోడ్ల మీదికి వచ్చారు, అక్తర్ ఊరికి వచ్చి గోడల మీదికి ఎక్కాడు. ఆ ఏడాది జనగామ గోడల మీద జేగురుతో రాసిన నినాదాల్లో సగం వాడివే. పోలీసులు తుడిపించినా అక్షరాల నీడ మిగిలేది, అంత ఒత్తి రాసేవాడు. చదువులో ఒక ఏడాది అలా పోయింది. గొడవ చల్లారాక తిరిగి వెళ్లాడు గానీ, ఈలోగా అమీర్ అలీకి చేతి వణుకు మొదలైంది. వణికే చేత్తో బోర్డులు ఎవరు రాయించుకుంటారు? ఇల్లు నడవడానికి అక్తర్ కుంచె పట్టుకున్నాడు. కొన్ని నెలలు ఇక్కడ బోర్డులు, కొన్ని నెలలు అక్కడ పాఠాలు. అయిదేళ్ల చదువు ఎనిమిదేళ్లకు కూడా ఒడ్డెక్కలేదు.

చివరికి కాలేజీవాళ్లు ఒక దారి చూపించారు. ఏదైనా చిన్న భవనం తన నక్ష ప్రకారం కట్టించి, ఆ కాగితాలు వాళ్లకు ఇవ్వాలి. పరీక్షాధికారి వచ్చి కట్టడాన్ని చూస్తాడు. బాగుంటే పట్టా. డెబ్బై అయిదు వేసవి దాటితే ఇక ఆ అవకాశం కూడా ఉండదు.

కట్టించేవాళ్లను వెతికి పెట్టింది కూడా నేనే, నా నోరు ఊరుకోదు కదా. తొర్రూరులో శకుంతల అని పెద్ద భూములున్న ఇంటి ఆవిడ ఉంది. మా దూరపు చుట్టం. వరంగల్ బస్సు కోసం, ఖమ్మం బస్సు కోసం ఆడవాళ్లు ఎండలో పిల్లల్ని వేసుకుని గంటలకొద్దీ నిలబడటం చూసి, వాళ్లకో విశ్రాంతి గది కట్టించాలనుకుంది. మంచి మనసే. కానీ పట్టుదల మనిషి. అంతకుముందు ఏడాది బావి ఒర వంకరగా కట్టాడని ఒక మేస్త్రిని ఊళ్లో ఎవరూ పిలవకుండా చేసింది. అతను పెళ్లాం పిల్లలతో కాటారం వైపు వెళ్లిపోయాడని చెప్పుకున్నారు.

అక్తర్ ఆ గది కోసం మూడు నెలలు కష్టపడ్డాడు. నేను చూశాను, అందుకే చెప్తున్నాను. బస్సుల దగ్గరికి పోయి, ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో, పిల్లలకు పాలెక్కడ ఇస్తారో, మూట ఎక్కడ దించుతారో చూసి గీశాడు. ఉత్తరం వైపు పొడుగాటి వరండా, దానికి ఇటుకల జాలీ. దక్షిణాన గాలికి వరుసగా పెద్ద కిటికీలు. పడమట ఒక్క కంత కూడా లేని మందపు గోడ, మధ్యాహ్నం ఎండ లోపలికి అడుగు పెట్టకుండా. కాగితం మూలన ఉత్తరం ఎటో చూపిస్తూ సన్నని బాణం, పక్కన ఇంగ్లీషు అక్షరం. కాగితానికి పైభాగమంటే ఉత్తరమని వాడికి ఆరో తరగతిలో చెప్పింది కూడా నేనే.

కట్టే మేస్త్రి నర్సయ్యది స్టేషన్ ఘన్‌పూర్. అక్షరం ముక్క రాదు గానీ, ఒక్క దారంతో గోడ నిలబెట్టే మనిషి.

"నర్సన్నా, గీ బంగ్లా మంచిగొస్తేనే నాకు పట్టా అస్తది. జర పానం పెట్టి కట్టు" అన్నాడు అక్తర్.

"నీ కాయితంల ఎట్లుంటే గట్లనే లేపుత అక్తర్ భాయ్. ఇంచు తేడా రాదు" అన్నాడు నర్సయ్య.

పునాదికి ముగ్గు పోసే నాటికి అక్తర్ అక్కడ ఉండాల్సింది. నక్షల మీద కాలేజీ ముద్ర వేయించుకు రావడానికి హైదరాబాదు పోయాడు. వెళ్లినవాడికి అక్కడ కామెర్లు పట్టుకున్నాయి. ఇక్కడేమో ఆషాఢం వస్తే మంచిరోజులుండవని శకుంతల ముహూర్తం ముందుకు జరిపించింది. కొబ్బరికాయ కొట్టారు, నర్సయ్య చేతిలో కాగితం పట్టుకుని నేల మీద సున్నంతో గీతలు పోశాడు. అక్తర్ దవాఖానలో ఏడు వారాలు పడుకున్నాడు. లేచి తొర్రూరుకు వచ్చేసరికి గోడలు కిటికీల పైదాకా లేచాయి.

నేనూ వెంట వెళ్లాను. ఇంకా పసుపు పోని కళ్లతో వాడు ఆ గోడల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాకేమీ అర్థం కాలేదు. కొలతలు సరిగ్గా ఉన్నాయి. జాలీ చక్కగా కుదిరింది. మూడోసారి తిరిగి వచ్చి అడిగాడు.

"నర్సన్నా, ముగ్గు పోసేటప్పుడు కాయితం ఎట్ల పట్టుకున్నవ్?"

"ఎట్ల పట్టుకుంటరు? తూర్పుకు మొఖం పెట్టి నిలవడి పట్టుకున్న. మా నాయిన గూడ గట్లనే పోస్తుండె. మూలకు బాణం గూడ ఏసినవ్ గదా, సూర్యుని దిక్కు చూడుమని."

ఆ వైపు మేస్త్రులందరూ అంతే. మంచి పని ఏదైనా తూర్పుకు తిరిగే మొదలుపెడతారు, ఎదురుగా ఉన్నదే కాగితం పైభాగం. స్థలం నాలుగు బాటల మూల మీద ఉంది, ఉత్తరానా బాటే, తూర్పునా బాటే, అనుమానం రావడానికి ఏమీ లేదు. భవనం మొత్తం ఉన్నదున్నట్టు పక్కకు తిరిగిపోయింది. ఉత్తరపు వరండా తూర్పుకు వచ్చింది. ఎండను ఆపాల్సిన మందపు గోడ చల్లటి ఉత్తరానికి అడ్డంగా నిలబడింది. గాలి కోసం పెట్టిన కిటికీలన్నీ పడమటి ఎండకు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

అక్తర్ జాలీ ఇటుకల మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత, "మంచిగ కట్టినవ్ నర్సన్నా" అన్నాడు.

శకుంతల వచ్చి తూర్పు వాకిలి చూసి మురిసిపోయింది. "ఎంత మంచి దిక్కు పెట్టినవ్ బిడ్డా" అంది. కిటికీలు మూయిస్తే గాలి లేక గది గోదామవుతుంది. ఉత్తరం గోడ పగలగొట్టిస్తే ఎందుకని ఆవిడ అడుగుతుంది. అడిగితే తప్పెవరిదో చెప్పాలి. వాడు దేన్నీ కదిలించలేదు.

మరుసటి ఏప్రిల్‌లో పరీక్షాధికారి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. మధ్యాహ్నం మూడు గంటలకు లోపల అడుగుపెట్టాడు. కిటికీల్లోంచి ఎండ గది సగందాకా పరుచుకుని ఉంది. నలుగురు ఆడవాళ్లు పిల్లలతో ఉత్తరపు గోడ వారకు నక్కి కూర్చున్నారు. ఆయన చొక్కా తడిసిపోయింది. నక్ష విప్పి, బాణం చూసి, కిటికీల వంక చూసి, నన్నూ అక్తర్‌నూ బయటికి పిలిచాడు. నర్సయ్య దూరంగా తువ్వాల చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నక్ష చాలా బాగుందయ్యా. మేస్త్రి తిప్పి కట్టేశాడు, అంతేగా?" అన్నాడు. "నక్ష ప్రకారం మేస్త్రి కట్టలేదని ఒక్క ముక్క రాసివ్వు. ఒక నకలు కట్టించినావిడకు పంపాలి, అది మా పద్ధతి. మిగతాది నేను చూసుకుంటాను."

నా గుండె కుదుటపడింది. జేబులోంచి కలం కూడా తీసిచ్చాను. అక్తర్ దాన్ని తీసుకోలేదు.

"మేస్త్రి తప్పేం లేదు సార్. ఆయనకు సమజయ్యేటట్టు నేను గీయలే. తప్పు నాదే."

"ఆలోచించే అంటున్నావా? నీ నక్ష అర్థం కాదని నువ్వే చెబితే నేను నిన్నెలా పాస్ చేసేది?"

"మీరు రాసేది రాయుండ్రి సార్."

ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాడు, చివరికి తల అడ్డంగా ఊపి రాసుకున్నాడు. నెలరోజులకు జనగామకు కవరు వచ్చింది. 'కట్టడానికి పనికివచ్చే స్పష్టత నక్షలో లేదని విద్యార్థి తానే ఒప్పుకున్నాడు' అని ఉంది. పట్టా లేదు.

తొర్రూరు నుంచి వస్తూ బస్సులోనే నేను వాణ్ణి తిట్టాల్సినవన్నీ తిట్టాను. తొమ్మిదేళ్లు బూడిదలో పోశావన్నాను. మీ బాపు ముఖం ఎలా చూస్తావన్నాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నీ పడ్డాడు.

"చదువురాని మనిషికి చిట్టి రాసిచ్చి, చదవలేదని గుస్స చేస్తే ఎట్ల సార్?" అన్నాడు చివరికి. "ఆయనకు పని పోతే ఏం తింటడు? నాకైతే బోర్డులున్నయి."

వాడు మంచిపని చేశాడని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదేమో. ఒక మనిషి బతుకంతా పక్కకు తిరిగిపోతుంటే మంచితనం ఏం ఓదారుస్తుంది?

తర్వాత వాడు బోర్డులు రాస్తూనే ఇండ్ల నక్షలు గీశాడు. జనగామ, మానుకోట, అటు భూపాలపల్లి దాకా వాడు గీసిన ఇండ్లున్నాయి. ప్రతి నక్షకూ తూర్పు అంచున ఒక సూర్యుడు ఉంటాడు. వంటింట్లో పొయ్యి, పడకగదిలో మంచం, నీళ్లు పోయే చోట చెంబు, అన్నీ బొమ్మలే. మేస్త్రులు ఆ కాగితాలంటే ప్రాణం పెడతారు. కింద సంతకం మాత్రం ఎవరో పట్టా ఉన్న ఇంజనీరుది. నలభై నిండకముందే అక్తర్ మెడ వంగిపోయింది, కళ్లజోడు వచ్చింది. తొర్రూరు గదిలో పడమటి కిటికీలకు ఆడవాళ్లు తడిచీరలు అడ్డం కడుతున్నారని ఎవరో చెబితే, వాడు ప్రతి వేసవికి పోయి అక్కడ తాటాకు పందిరి వేయించి వచ్చేవాడు.

ఎనభై మూడులో పనుండి మానుకోట వెళ్లాను. అక్కడ ఒక ఇంటి ముగ్గు దగ్గర వాళ్లిద్దరూ కనిపించారు. నర్సయ్య జుట్టంతా తెల్లబడింది. మోకాళ్ల నొప్పితో కుర్చీలో కూర్చుని కొడుకు చేత పని చేయిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి చాయ్ తెప్పించాడు. మాటల్లో మాటగా అక్తర్ వైపు తిరిగాడు.

"అడుగుడే మరిచిన అక్తర్ భాయ్. గప్పుడు తొర్రూరుల కట్టినం గదా, నీకు పట్టా అచ్చిందా?"

నేను నోరు తెరిచాను. అక్తర్ నా వైపు ఒక్క చూపు చూశాడు.

"అచ్చింది నర్సన్నా. ఇంట్ల గోడకు పెట్టిన."

నర్సయ్య ముఖం విప్పారింది. పక్కనే సున్నం పోస్తున్న కొడుకును కేకేసి పిలిచాడు.

"ఇన్నవారా? సారుకు పట్టా తెచ్చింది మన చేతుల కట్టుడే."

"అవును" అన్నాడు అక్తర్, చాయ్ గ్లాసు కింద పెట్టి. "మీ నాయిన కట్టిన బంగ్లాతోనే."