పాత పొరల పంతం

పోయిన నెల ధర్మవరంలో పెళ్లి చీరలు కొనబోయిన చోట మా వారి వైపు దూరపు బంధువు ఒకావిడ తగిలింది. పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ముందు గుట్టగా పడి ఉన్న పట్టుచీరలను వదిలేసి నా మొహం చూస్తూ, "ఏమ్మా, మీ ఆడబిడ్డ బెంగుళూరులో చదువు సగంలో ఇడిసిపెట్టి వచ్చేసింది కదా పాపం, ఇప్పుడేం చేస్తాంది?" అని అడిగింది. పదిహేనేళ్లు దాటిన సంగతి. ఆ 'పాపం' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. "ఇడిసిపెట్టలేదు, కొట్లాడి వచ్చింది" అన్నాను. "రెండూ ఒకటే కదా" అందావిడ. అంగడివాళ్ల ముందు తగువెందుకని చీర బేరంలో పడ్డాను గానీ, తిరుగు రైల్లో పెనుకొండ కొండ కిటికీలో కనపడి వెనక్కి పోయినా, హిందూపురం వచ్చినా, ఆవిడకు చెప్పని జవాబు నోట్లోనే నానుతూ ఉంది. రెండూ ఒకటి కావు. ఎందుకు కావో ఇక్కడ చెబుతాను. ఆవిడ చదవదని తెలుసు, అయినా చెబుతాను.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నా విషయంలో ఆ సామెత పనిచేయలేదు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల ఇంకా గౌన్లు వేసుకుని నా కొంగు పట్టుకుని తిరిగేది. పెద్దయ్యాక బెంగుళూరులో డాక్టరేటుకు చేరింది. ఏం చదువో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు వంటింట్లో నిలబెట్టి అడిగాను. "మీ పుట్టింట్లో పేడ గ్యాసు పొయ్యి ఉండాది కదా వదినా, దాని మంట ఎట్లుంటాది?" అని ఎదురు ప్రశ్న వేసింది. మా పుట్టిల్లు పెనుకొండ దగ్గర పల్లె. మా అమ్మ ఆ పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి, "ఈ మంట మీ నాయన కోపం మాదిరి, చానా సేపుంటాది, వేడి మాత్రం ఉండదు" అనేది. ఆ గ్యాసులో మండేదానితో పాటు మండనిది కూడా సగానికి కొంచెం తక్కువగా కలిసి ఉంటుందట, అందుకే ఆ నీరసం. ఈ పిల్ల చేసేది ఉల్లిపొర కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర. మండని గ్యాసు దానిగుండా దూరి అవతలికి పోతుంది, మండేది చాలామటుకు ఇవతలే నిలబడిపోతుంది. "జల్లెడా?" అన్నాను. "జల్లెడకు బొక్కలుంటాయి, దీనికి లేవు. ప్లాస్టిక్ లోపల పొడుగాటి గొలుసులు ఉంటాయి. అవి సరిగ్గా సర్దుకోక సందులు మిగులుతాయి. ఆ సందుల్లోనే పోతాది" అని చెప్పి, నేను వేయించిన చెనక్కాయలన్నీ అక్కడే నిలబడి తినేసింది.

చిక్కంతా ఆ సందుల దగ్గరే వచ్చింది. పొర తయారైన రోజు గ్యాసు బ్రహ్మాండంగా దూరేది. ఆ అంకెలు చూసి వాళ్ల గైడు సారు మురిసిపోయాడు. కానీ అదే పొరను డబ్బాలో పెట్టి ఎవరూ ముట్టుకోకుండా వదిలేసినా, నెలలు గడిచేకొద్దీ లోపలి గొలుసులు మెల్లగా సర్దుకుని సందులు తగ్గిపోతాయి. మొదట దూరినదాంట్లో సగం కూడా దూరదు. పొర చిరగలేదు, మాసిపోలేదు. వయసైంది, అంతే. ఆ పని చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదట. అయినా సారు పరిశోధన పేపరులో కొత్త పొర అంకెలు మాత్రమే రాయమన్నాడు. ఈమె పాత పొర అంకెలు కూడా పక్కనే పెడతానంది. ఆయన తన ల్యాబులో తన మాటే చెల్లాలన్నాడు. మరుసటి వారం మా ఆడబిడ్డ హిందూపురం స్టేషన్లో ఒక సంచితో, ఒక స్టీలు టిఫిన్ డబ్బాతో దిగింది. తినేదేదో తెచ్చిందనుకుని మా అత్త మూత తీస్తే, కాగితాల మధ్య పచ్చటి ప్లాస్టిక్ ముక్కలు. "ఏంది మే ఇవి? చదువుకోమని పంపిస్తే కవర్లు ఏరుకొస్తివా?" అని మా అత్త డబ్బాను కసువు గంప వైపు జరిపింది. ఆ పిల్ల ఒక్క అంగలో వచ్చి డబ్బాను ఒళ్లో పెట్టుకుంది.

ఉత్తి డబ్బాలో పెట్టుకుని కూర్చుంటే ఏం లాభం, నిజమైన పేడ గ్యాసు మీదే చూడమని సలహా ఇచ్చింది నేనే. అట్లా మా నాయన కొట్టం ప్రయోగశాల అయింది. చిన్న కంప్రెసరు, గ్యాసులోని కుళ్లు వాసన పోవడానికి ఇనప రజను నింపిన గొట్టం, పొరను బిగించే స్టీలు బిళ్లలు, చివర సబ్బునీళ్లు పోసిన గాజు గొట్టం. పొరలోంచి వచ్చిన గ్యాసు ఆ గొట్టంలో సబ్బు బుడగను పైకి నెడుతుంది. బుడగ ఎంత నిదానంగా ఎక్కితే పొర అంత ముసలిదైనట్టు. పేడ, కుడితి, సబ్బు కలిసిన ఆ వాసన ఆమె జుట్టుకు ఎప్పుడూ పట్టి ఉండేది. మా నాయన పాలు పితికి వచ్చి ఆ బుడగ ముందు గొంతుకూర్చునేవాడు. "ఏం పాపా, పోయిన నెల గబగబా పోతాండె, మోటరు చెడిపోయిందేమో చూడు" అన్నాడొకసారి. "మోటరు బాగానే ఉండాది మామా, పొరకు వయసైంది" అంది. అది మొదలు రోజూ పొద్దున కొట్టంలోకి వస్తూనే "ముసలిది లేసిందా?" అని పలకరించేవాడు.

ఊళ్లోవాళ్లకు మాత్రం ఆమె వయసు మీదే చింత. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా! "డాక్టరేటు లేదు, ఉద్యోగం లేదు, పెండ్లి లేదు, పేడ దగ్గర కూర్చునుంది" అని మా అత్తకు చెప్పి ఏడిపించేవాళ్లు. మా అత్త ఆ ఏడుపు తెచ్చి నా మీద పోసేది. ఆ పిల్లను కొట్టానికి తోలింది నేనే కదా.

అప్పుడొచ్చాడు సారు. ఒక ఆదివారం కారులో, మిఠాయి పొట్లంతో. చెడ్డమనిషి కాదు, మర్యాదస్థుడే. అదే ఇబ్బంది, తిట్టడానికి కుదరలేదు. మా హాల్లో కాఫీ తాగి, మెత్తగా చెప్పాడు. కొత్త పొర అంకెలతో పేపరుకు ఒప్పుకుంటే ఆ ఏడాదే డాక్టరేటు చేతికొస్తుంది, ఒక కంపెనీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, పాత పొర సంగతి తరువాత ఎప్పుడైనా వేరే పేపరులో రాసుకోవచ్చు. మా అత్త కళ్లు వెలిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ఒప్పుకుంటే బాగుండుననిపించింది.

"సార్, ఈ పొర కొన్నోళ్లు దాన్ని మొదటి రోజు ఒక్కటే వాడి పారేయరు కదా" అంది మా ఆడబిడ్డ.

"అందరూ రాసేది అట్లాగేనమ్మా."

"రాయనీండి. నా పేరు మీద మాత్రం వద్దు."

ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇంకో చోట చేరితే మొదటి నుంచి మొదలుపెట్టాలి. నీకు ఎన్నేళ్లు పోతాయో ఆలోచించావా?" అన్నాడు. ఆ మాటలో బెదిరింపు లేదు, జాలే ఉంది.

"పోనీండి సార్. నా పొరలకు కావాల్సింది ఆ ఏళ్లే" అంది.

నాకు ఆ క్షణం ఎంత గర్వమేసిందో చెప్పలేను. చేతిలో మిఠాయి పళ్లెం ఉండి ఆగాను గానీ, లేకుంటే ఆ పిల్లను వాటేసుకునేదాన్నే. మా అత్త మాత్రం కారు వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసి, లోపలికొచ్చి కూతురితో చాలా రోజులు మాట్లాడలేదు.

సారు పేపరు ఆమె పేరు లేకుండా, కొత్త పొర అంకెలతో అచ్చయింది. ఆమె ఒక చిన్న యూనివర్సిటీలో, ఒక మేడం దగ్గర మళ్లీ మొదటి నుంచి చేరింది. ఏళ్లు నిజంగానే పోయాయి. టిఫిన్ డబ్బాలోని ముక్కలు ముదిరాయి, వాటితో పాటు ఆమె పాపిట్లో తెల్లవెంట్రుకలూ వచ్చాయి. ఒకరోజు కొట్టంలోంచి ఫోను చేసింది. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన మిషనుతో గ్యాసును పరీక్ష చేసిందట. "వదినా, ముసలిది తక్కువే వదులుతాంది. కానీ కొత్తప్పుడు మంచి గ్యాసు కూడా కొంచెం జారిపోతాండె. ఇప్పుడు దాన్ని బాగా ఆపుతాంది. ఏది వదలాలనో ఏది ఆపాలనో ఇప్పుడు దానికి బాగా తెలుసు" అంది. ముసలి పొర లెక్కతోనే గ్యాసు వడగట్టే యంత్రం నమూనా గీసింది. తక్కువ దూరుతుంది కాబట్టి పొర ఎక్కువ పట్టింది, ఖర్చూ పెరిగింది. ఆ సంగతి దాచలేదు. డాక్టరేటు దానిమీదే వచ్చింది. ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక పాల డెయిరీలో ఆమె పెట్టిన యంత్రం నడుస్తోంది. బాయిలరు కింద నీలం మంట నేను కళ్లారా చూశాను. ఇదమ్మా, ఆమె ఇప్పుడు చేస్తున్నది. పెళ్లి సంగతి మీరు అడగలేదు, నేను చెప్పను.

నేనూ అరవైకి దగ్గరపడ్డాను. అడుగు నిదానమైంది, ఒకరి మాటకు వెంటనే తల ఊపే అలవాటు పోయింది, ఇంట్లోవాళ్లు దాన్ని చాదస్తం అంటున్నారు. అననీ. కాలం నాలో కూడా సందులు మూస్తూనే ఉంది. కానీ దేన్ని లోపలికి రానివ్వాలో, దేన్ని గడప బయటే నిలబెట్టాలో తెలిసింది ఆ పోయిన ఏళ్లలోనే, వాటిల్లో ఒక్కదాన్ని కూడా నేను వెనక్కి అడగను.