భాయ్ సాఫ్ చేసిన గెలాక్సీ

జావా నేర్చుకోనివాడు అమీర్‌పేటలో గది తీసుకున్నాడంటే అప్పట్లో వాణ్ణి కాస్త అనుమానంగానే చూసేవారు. మెట్లెక్కినా, టీ తాగినా "ఏ కోర్సు?" అన్న ప్రశ్నే. ఆకాశం మీద పరిశోధన అని నేను చెబితే అవతలి ముఖంలో జాలి కనిపించేది. మా తెనాలి రూమ్మేటైతే నెలకోసారి, "అది నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ ఉంటదేంటి గురూ?" అని అడిగేవాడు. లేదని నెలకోసారి గర్వంగా చెప్పేవాణ్ణి. ఆ గర్వమంతా ఫెలోషిప్ చలవే. అది ఆ ఏడాదితో అయిపోతోంది. కమిటీకి పని చూపించి ఇంకో ఏడాది పొడిగింపు తెచ్చుకోకపోతే నా చదువు అక్కడితో సరి.

నా పని ఒంటరి గెలాక్సీల మీద. గుడ్డు ఆకారపు పెద్ద గెలాక్సీల చుట్టూ కోటి డిగ్రీల దాకా కాగిన వాయువు ఉంటుంది. అది ఎక్స్‌రేల్లో మెరుస్తుంది. ఆ ఎక్స్‌రేలు మన గాలిని దాటి కిందికి రావు గనుక అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపే వాటిని చూడాలి. గుంపులో ఉన్న గెలాక్సీ అయితే ఆ వాయువు ఎవరి సొత్తో తేల్చడం కష్టం. ఇరుగూ పొరుగూ లేని గెలాక్సీ దొరికితే ఉన్నదంతా దానిదే. ఒక పాత జాబితాలో నాకలాంటిది దొరికింది. పైగా టెలిస్కోపు పంపిన చిత్రంలో దాని వాయువు ఒక పక్కకు సాగి ఉంది. పక్కన ఎవరూ లేకుండా ఎందుకు సాగినట్టు? నేనో కొత్త సిద్ధాంతమే అల్లేశాను (అదేమిటని దయచేసి అడగకండి).

గెలాక్సీ ఒంటరిదని చూపించడానికి మామూలు టెలిస్కోపుతో తీసిన ఆకాశం ఫొటో కావాలి. లైబ్రరీలో ఉన్నది నెగటివ్ ప్రింటు. అందులో ఆకాశం తెల్లగా, గెలాక్సీలు నల్లటి మరకల్లా ఉంటాయి. ఒక్కపూటకు అనుమతి తీసుకుని దాన్ని పంజాగుట్టలో పెద్ద కాగితాలు జిరాక్స్ తీసే భాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. కమిటీ ముందు పెట్టాలి, నీటుగా రావాలన్నాను.

"ఫికర్ జేయకు అన్న, మస్తు నీట్‌గ ఇస్త" అన్నాడు. అన్నట్టే ఇచ్చాడు.

కమిటీ రోజున మా గైడ్ మేడం కాసేపు ఎక్స్‌రే చిత్రాన్నీ, కాసేపు జిరాక్స్‌నీ చూసి, "ఈ పక్కన ఏముంది బాబూ?" అన్నారు.

"ఏమీ లేదు మేడం."

ఆవిడ అటెండర్ చేత లైబ్రరీ నుంచి అసలు ఫొటో తెప్పించారు. నా ఒంటరి గెలాక్సీ పక్కనే, దానంత పెద్ద గెలాక్సీ ఇంకొకటి నిమ్మళంగా కూర్చుని ఉంది. వాయువును తన వైపు లాగింది అదే. "జిరాక్స్ వాడి తప్పు మేడం" అన్నాను. పొడిగింపు రాలేదు.

నేరుగా పంజాగుట్ట వెళ్లి కాపీని భాయ్ ముందు పరిచాను. ఇక్కడ ఉండాల్సిన మరక ఏమైందన్నాను.

"గదా? మిషన్ గలీజు అనుకున్న అన్న. కాపీ మీద వైట్‌నర్ కొట్టి, మళ్ల కాపీ తీసిన. ఏముండె దాంట్ల?"

"వేల కోట్ల నక్షత్రాలు భాయ్."

"యా అల్లా!" అని తల పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్ అన్న. జర కూసో, చాయ్ తాగు."

వారం తిరక్కుండా టెస్టింగ్ కోర్సులో చేరాను (జావా నాకు చివరిదాకా రాలేదు). ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగంలోనే జుట్టు నెరిసింది. ఈ కథ చెప్పి ఆఫీసులో ఎందరినో నవ్వించాను. ప్రతిసారీ వైట్‌నర్ దగ్గరే ఆపేశాను. నిజానికి పంజాగుట్ట వెళ్లకముందు ఆ ఫొటోను లైబ్రరీ బల్ల మీద గంటసేపు చూశాను. ఆ మరకనూ చూశాను. ఇంకో గెలాక్సీయేమో అనిపించింది. దుమ్మేమోలే అనుకున్నాను. కాపీలో అది కనిపించకపోయేసరికి ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో! కుర్రాడిగా ఉన్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది, కోపం రాదు. సిగ్గు మాత్రం ఇంకా పోలేదు. ఆ రోజు భాయ్ అంతగా మాఫీ అడుగుతుంటే, పెద్దమనిషిలా తలూపి, అతని చాయ్ తాగి వచ్చేశాను.