ఎడమవైపు చుట్టిన స్ప్రింగు

కుట్టు మిషన్లు బాగుచేసే ఆవిణ్ని వీధి వీధంతా మిషనక్క అంటారు. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. మెట్ల కింద మిగిలిన జాగాలో కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. తుక్కు కొట్లలో పడున్న పాత మిషన్లు ఏరుకొచ్చి, విప్పి, తుప్పు వదిలించి, నూనె పట్టించి, ఆన్‌లైన్ వేలం సైటులో పెడుతుంది. ఏడేళ్లలో నాలుగొందల పన్నెండు మంది కొన్నారు. ఒక్కరంటే ఒక్కరు వంక పెట్టలేదు. సైటులో తన పేజీ మీద పచ్చగా మెరిసే ఆ అంకె అంటే ఆమెకి కన్నకూతురంత ముద్దు. "నాకన్నా అదే ఎక్కువ నీకు" అని కన్నకూతురు దెప్పుతూనే ఉంటుంది.

అలాంటి పేజీ మీద ఒక మంగళవారం పొద్దున్న ఎర్రక్షరాలు కనిపించాయి. "మోసం. తుప్పు పట్టిన డొక్కు మిషను పంపింది. ఈమె దగ్గర ఎవరూ కొనకండి."

కిందటివారం మిషను కొన్నవాడు రాసిందది. రాయడానికి వాడికి చేతులెలా వచ్చాయో! సాయంత్రానికి ఆమె పంపిన పెట్టె కూడా తిరిగొచ్చింది. టేపు కోసి చూసింది. అదే కంపెనీ, అదే నలుపు, అదే చెక్కపీట. చక్రం తిప్పగానే లోపల కీచుమంది. ఆ చప్పుడు వినగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది నాది కాదే! నా మిషను ఉంచేసుకుని వాడి డొక్కు తెచ్చి నా మొహాన కొట్టాడు!"

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసే కూతురు అప్పుడే చెప్పులు విప్పుతోంది. "పెట్టెలో పెట్టేటప్పుడు వీడియో తీస్తానంటే నా మాట విన్నావా? పోనీ, నంబరు ఫోటో అయినా ఉందా?"

ఉంటే కదా. ఆ రకం మిషనుకి నంబరు అడుగున ఉంటుంది. అడుగు ఫోటో తీయడమంటే మిషను పొట్ట చూపించడమే. పని నేర్పిన మామగారు మొదటిరోజే చెప్పారు: "గిరాకీ ముందు పొట్ట విప్పకమ్మా. అన్ని చక్రాలు చూశాడంటే, ఇవన్నీ ఎన్నాళ్లు తిరుగుతాయోనని బెంగ పెట్టుకుంటాడు. బేరం పోతుంది." మామగారు పోయి పదేళ్లయింది. ఆ మాట మాత్రం కోడలు జవదాటలేదు. పైనుంచి, పక్కనుంచి, సూది దగ్గరనుంచి ఇరవై ఫోటోలు తీసి పెట్టింది. అడుగు ఫోటో ఒక్కటీ లేదు.

సైటువాళ్లకి ఫిర్యాదు రాస్తే నిమిషంలో జవాబు వచ్చింది. మీరు పంపిన వస్తువే తిరిగి వచ్చినట్టు భావిస్తున్నాం, కాదనే ఆధారం ఏడు రోజుల్లో పంపండి, లేదంటే మీ పేజీ మూసేస్తాం అని.

"భావిస్తున్నారట! ఎవడే ఆ భావించేవాడు? పేరు చెప్పు, పోయి అడుగుతా."

"మనిషి కాదమ్మా, కంప్యూటరు."

"మరి దాన్నెలా తిట్టేది?"

తిట్టడానికి మనిషి దొరక్క ఆ కోపమంతా ఇంటి మీద పడింది. గిన్నెలు మోగాయి. తలుపులు దడదడలాడాయి. కూతురు తనేం నేరం చేసిందో తెలీకుండానే చీవాట్లు తింది. వీధిలో ఈమధ్య కుట్టుపనివాళ్లంతా కొత్త కరెంటు మిషన్లు కొనుక్కున్నారు. ఆ పేజీ మూతపడితే ఈ కొట్టూ మూతే. అంతకన్నా, మోసగత్తె అన్న మాట తన పేరు పక్కన అలాగే నిలిచిపోతుంది. తిండి సయించకపోవడానికి కారణం అదే.

అయిదో రోజు అదే సైటులో తన మిషను కనిపించింది. వాడే వేలానికి పెట్టాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా పొట్ట విప్పి మరీ ఫోటో తీసి, కింద రాశాడు: "లోపలి పని చూడండి. మొత్తం నా చేతులతో చేసిందే."

బట్టని ముందుకి నెట్టే పళ్ల కింద స్ప్రింగు తళతళలాడుతోంది. అసలుది ఎక్కడా దొరక్క, సన్నని ఉక్కు తీగ తెచ్చి, వేళ్లు కోసుకుపోతున్నా పట్టు వదలక మిషనక్క చుట్టుకున్న స్ప్రింగు అది. ఆ ఫోటో సైటుకి పంపింది. మీ పాత ఫోటోల్లో ఈ స్ప్రింగు లేదు కనుక ఆధారంగా తీసుకోలేం అని కంప్యూటరు మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకి ఆమె ఒళ్లు ఇంకా మండింది.

వేలం పేజీలో కొనేవాళ్లు ప్రశ్నలు అడిగే చోటు ఒకటుంటుంది. అందరికీ కనిపిస్తుంది. మిషనక్క అక్కడ తనే కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కుతూ రాసింది. "అయ్యా, లోకంలో స్ప్రింగులన్నీ కుడివైపుకి చుడతారు. ఇది ఎడమవైపుకి ఉందేం? చేసింది మీరేనన్నారుగా. మీది ఎడమచేతి వాటమా? నాది ఎడమచేతి వాటం."

గంటలో వేలం పాట పాడుతున్నవాళ్లు ముగ్గురు అదే ప్రశ్న వేశారు. ఇంకో గంటకి ఇద్దరు తప్పుకున్నారు. మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. పార్సిలు మీదున్న ఆమె నంబరుకి వాడే చేశాడు. ఆమె స్పీకరు నొక్కింది. కూతురు చప్పుడు కాకుండా తన ఫోనులో రికార్డింగు పెట్టి పక్కనే ఉంచింది.

"అక్కా, ఆ ప్రశ్న తీసెయ్యండక్కా."

"ఎవర్రా నీకు అక్క?"

"తప్పయిపోయిందక్కా. నేనూ మెకానిక్‌నే. ముందు మోసం చేద్దామని లేదు. ఎలా చేశారో చూద్దామని పొట్ట విప్పాను. ఆ స్ప్రింగు చూసి అరగంట అలాగే కూర్చుండిపోయా. పదకొండు చుట్లు, వెంట్రుకవాసి తేడా లేదు. పాతికేళ్లలో అంత పని నేను చూళ్లేదక్కా. నేనే చేశానని చెప్పుకోవాలనిపించింది."

"అందుకని నన్ను మోసగత్తెని చేస్తావా?"

"మీ మిషను మీకు పంపేస్తా."

"మిషను నీ నెత్తిన పెట్టుకో! నా పేరు మీద రాసింది చెరుపు. నువ్వు మార్చావని అక్కడ రాయి."

"అలా రాస్తే నన్ను సైటులోంచి తీసేస్తారక్కా."

"నన్ను తీసేస్తుంటే నీకు కమ్మగా ఉందా?"

వాడు ఫోను పెట్టేశాడు.

"దొరికాడు!" కూతురు ఎగిరి గంతేసింది. "అన్నీ వాడి నోటితోనే ఒప్పుకున్నాడు. ఇది పంపితే చాలు. పంపేస్తున్నా."

"ఆగు. ఒకసారి వినిపించు."

స్ప్రింగు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె తల వంచి విన్నది. "మళ్లీ పెట్టు" అంది. కూతురు వింతగా చూసి మళ్లీ పెట్టింది.

అంతమంది కొన్నారు. బాగా కుడుతోందన్నారు, అంతే. పొట్టలో ఏముందో వాళ్లెవరికీ తెలీదు. ఆమె చూపించనూ లేదు. ఇన్నేళ్లలో ఆ పని చూసి, చుట్లు లెక్కపెట్టి, మెచ్చుకున్నవాడు ఒక్కడే ఒక్కడు. వాడూ దొంగవెధవే అయ్యాడు! ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి మాటకి నీళ్లు వచ్చాయని తన మీద తనకే ఒళ్లు మండింది.

"పంపు" అంది కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంటూ. "మొత్తం పంపు. వాణ్ని ఆ సైటులోంచి గెంటేదాకా నాకు మనశ్శాంతి లేదు." కూతురు నొక్కబోతుంటే మళ్లీ ఆపింది. "ఆ స్ప్రింగు గురించి వాడన్న ముక్క మాత్రం నా ఫోన్లో కూడా వెయ్యి."